త్రాడుతో గీసే గణితం – హసన్ బిన్ మూసా

ఆర్మూరు ప్రాంతంలో పసుపు ఉడకబెట్టి కళ్ళంలో ఆరబోయడం మనకు తెలిసిందే. ఆ కళ్ళంలో 8 అడుగుల ఎడంగా రెండు మేకులు పాతి, 10 అడుగుల త్రాడు కొసలను వాటికి కట్టి, పుల్లతో త్రాడును బిగలాగి చుట్టూ గీస్తే సాగదీసిన వృత్తం వస్తుంది. ఇంటర్మీడియట్ పిల్లలు దీన్నే దీర్ఘవృత్తం అంటారు. తొమ్మిదో శతాబ్దంలో ఈ ఆకారం కోసం శ్రమించిన హసన్ బిన్ మూసా జీవితాన్ని ఈ వారం తెలుసుకుందాం.

హసన్ తండ్రి మూసా బిన్ షాకిర్ యౌవనంలో దారిదోపిడీలు చేసేవాడని, తరువాత ఖగోళశాస్త్రం నేర్చాడని చరిత్రకారులు రాశారు. ఆయన చనిపోయాక ముహమ్మద్, అహ్మద్, హసన్ అనే ముగ్గురు కొడుకులు అనాథలయ్యారు. ఖలీఫా మామూన్ (పాలన 813–833) వారిని చేరదీసి బగ్దాద్‌లోని బైతుల్ హిక్మాలో చదివించారు.

చిన్నవాడైన హసన్‌కు రేఖాగణితమే ప్రాణం. యూక్లిడ్ 13 భాగాల్లో ఆరింటినే చదివి, మిగతావి సొంత బుద్ధితో సాధించేవారట. చదవగలిగీ పూర్తిగా చదవనందుకు ఖలీఫా మందలించారని కూడా చెబుతారు.

గ్రీకు పండితుడు అపొలోనియస్ శాంకవాల గ్రంథం చేతికొచ్చింది గానీ అది తప్పుల తడక. హసన్ నిరాశ చెందలేదు. స్తంభాన్ని ఏటవాలుగా కోస్తే వచ్చే ఆకారంతో మొదలుపెట్టి దీర్ఘవృత్తంపై గ్రంథం రాశారు. అది నేడు లభించడం లేదు. రెండు బిందువుల నుండి దూరాల మొత్తం మారదన్న గుణాన్ని ఆయన ఆధారం చేసుకున్నారని తరువాతివారి రచనల వల్ల తెలుస్తోంది. అపొలోనియస్ గ్రంథం పని తీరకముందే ఆయన కన్నుమూశారు.

అన్న అహ్మద్ ఆ పనిని వదల్లేదు. సిరియాలో మొదటి నాలుగు భాగాల మంచి ప్రతిని సంపాదించారు. హిలాల్ అల్ హిమ్సీ ఆ నాలుగింటినీ, సాబిత్ బిన్ ఖుర్రా 5, 6, 7 భాగాలనూ అరబీలోకి తెచ్చారు. ఈ మూడింటి గ్రీకు మూలం నశించింది. అరబీలోనే మిగిలి 1710లో ఆక్స్‌ఫర్డ్‌లో లాటిన్‌లో అచ్చయ్యాయి.

హసన్ కాలంలో సమీకరణాలు ఇలా రాసేవారు కాదు. ఆ పద్ధతి 17వ శతాబ్దంలో వచ్చింది. మన త్రాడు లెక్కనే చూడండి. త్రాడులో సగం 5, అదే దీర్ఘాక్షంలో సగం. మేకుల ఎడంలో సగం 4. మధ్యనుంచి నిలువుగా పైకి చూస్తే త్రాడు సరిగ్గా రెండు 5 అడుగుల ముక్కలవుతుంది. 5 వర్గం 25లోంచి 4 వర్గం 16 తీసేస్తే 9. దాని వర్గమూలం 3, అది హ్రస్వాక్షంలో సగం. కనుక ప్రామాణిక రూపం ఇది: ఎక్స్ వర్గాన్ని 25తో, వై వర్గాన్ని 9తో భాగించి కూడితే 1.

ఒక ఖలీఫా ముగ్గురు అనాథలను చేరదీశారు, ఒక అన్న తమ్ముని పనిని పూర్తిచేశాడు. అందువల్లే ఆ విద్య మనదాకా వచ్చింది. తండ్రి లేక చదువు ఆగిపోయే బిడ్డ మన వాడలో ఉంటే, పసుపు అమ్మిన రోజున ఆ బిడ్డ ఫీజునూ గుర్తుంచుకుందాం.