బందరులో బ్యాంకు పెట్టిన డాక్టరు

మన కృత్తివెన్నుకు బందరు ఎంతో దూరం కాదు. ఆ ఊళ్ళో ఒక వైద్యుడు ఆంధ్రులకు బ్యాంకు పెట్టారు. ఆయనే డాక్టర్ భోగరాజు పట్టాభి సీతారామయ్య గారు.

పట్టాభి గారు 1880 నవంబరు 24న గుండుగొలనులో జన్మించారు. బందరు నోబుల్ కళాశాలలో, మద్రాసులో చదివి, వైద్య పట్టా పుచ్చుకొని బందరులో ప్రాక్టీసు పెట్టారు. కోపల్లె హనుమంతరావు, ముట్నూరి కృష్ణారావు గార్లతో కలిసి ఆంధ్ర జాతీయ కళాశాలను నడిపారు. తరువాత ప్రాక్టీసు మానుకొని స్వాతంత్ర్యోద్యమంలో దిగి జైళ్ళకు వెళ్ళారు.

ఆ రోజుల్లో రైతుకు పెట్టుబడి కావాలంటే వడ్డీ వ్యాపారే దిక్కు. పంట కల్లంలో ఉండగానే అప్పులవాడు వచ్చేవాడు. మన సొమ్ము మన ప్రాంతానికే ఉపయోగపడాలని తలచిన పట్టాభి గారు 1923 నవంబరు 20న ఆంధ్రా బ్యాంకును రిజిస్టరు చేయించారు. లక్ష రూపాయల చెల్లింపు మూలధనంతో అది ఆ నెల 28న పని మొదలుపెట్టింది. 1925లో ఆంధ్రా ఇన్సూరెన్స్ కంపెనీనీ స్థాపించారు. ఒకరు దాచుకున్న డబ్బు మరొకరికి అప్పుగా వెళ్ళడం, వడ్డీ ఎంతో కాగితం మీద ఉండడం, ఇదే బ్యాంకు వలన పల్లెకు కలిగే మేలు.

అయితే పూచీ లేనిదే బ్యాంకు అప్పివ్వదు. సెంటు భూమి లేని మన తాతలకు ఆ తలుపు తెరుచుకోలేదు. 1969లో 14 బ్యాంకులు, 1980 ఏప్రిల్ 15న ఆంధ్రా బ్యాంకుతో సహా మరో 6 జాతీయమయ్యాయి. వ్యవసాయానికి, బలహీన వర్గాలకు అప్పుల్లో వాటా నిర్ణయమైంది. 1992లో పొదుపు సంఘాలకు బ్యాంకులతో సంబంధం ఏర్పడ్డాక, ఆస్తి లేకపోయినా సంఘమే పూచీ అయింది. మా అమ్మలు మొదటిసారి బ్యాంకు మెట్లెక్కింది ఆ సంఘం పుస్తకంతోనే. కౌలు రైతుకు మాత్రం నేటికీ బ్యాంకు అప్పు పుట్టడం కష్టంగానే ఉంది.

పట్టాభి గారు 1939లో సుభాష్ చంద్రబోస్ చేతిలో ఓడినా, 1948లో కాంగ్రెసు అధ్యక్షులయ్యారు. మధ్యప్రదేశ్ గవర్నరుగా పనిచేసి 1959 డిసెంబరు 17న కన్నుమూశారు. ఆంధ్రా బ్యాంకు 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో కలిసిపోయింది.

మిత్రులారా! మన ఇళ్ళలో మొదట డిగ్రీ చదివింది మనమే. వాడలో ఒకరి పాస్‌బుక్ చదివి లెక్క చెప్పడం, పంట రుణం దరఖాస్తు నింపిపెట్టడం మన చేతిలో పని. బ్యాంకు తలుపు దాకా మనవాళ్ళను తీసుకువెళ్ళినప్పుడే ఆ మహనీయుని కృషి మన గడపకు చేరుతుంది.