వైమానిక పందేలలో లూయీజ్ థేడెన్

రెండు ప్రపంచ యుద్ధాల నడుమ గడచిన కాలం పందెపు విమానాలకు స్వర్ణయుగం. ఆనాడు అమెరికాలో జరిగిన జాతీయ వైమానిక పందేలను చూడటానికి జనం తిరునాళ్ళకు వచ్చినట్లు వచ్చేవారు. ఆ పందేల ప్రస్తావన రాగానే రాస్కో టర్నర్, జిమ్మీ డూలిటిల్ వంటి వీరుల పేర్లు వినవస్తాయి. స్త్రీలలో అమీలియా ఎయిర్‌హార్ట్ పేరు జగద్విదితం. కాని ఆ అమీలియానే రెండు గొప్ప పందేలలో వెనుకకు నెట్టిన లూయీజ్ థేడెన్‌ను మనలో ఎరిగినవారు తక్కువ. ఆమె కథ వేగానికి సంబంధించినదే అయినా, అంతకు మించి న్యాయానికి సంబంధించినది.

లూయీజ్ 1905 నవంబరు 12న ఆర్కన్సా రాష్ట్రంలోని బెంటన్‌విల్ అనే చిన్న పట్టణంలో జన్మించింది. కళాశాల చదువు పూర్తిచేయకుండానే కాన్సాస్ రాష్ట్రపు విచిటా నగరంలో ఒక బొగ్గు వ్యాపార సంస్థలో ఉద్యోగానికి కుదిరింది. బొగ్గు అమ్మవలసిన అమ్మాయి తీరిక దొరికినప్పుడల్లా ఆ ఊరిలోని ట్రావెల్ ఎయిర్ విమానాల కర్మాగారంలో ప్రత్యక్షమయ్యేది. కర్మాగారాధిపతి వాల్టర్ బీచ్ ఆమె ఆసక్తిని గమనించి, 1927లో కాలిఫోర్నియాలోని తమ విక్రయదారుని వద్ద ఉద్యోగం ఇప్పించాడు. విమానం నడపడం నేర్పించడం కూడా ఆ ఉద్యోగపు ఒప్పందంలో భాగమే. మరుసటి సంవత్సరం ఆమె పొందిన పైలట్ లైసెన్సుపై ఓర్విల్ రైట్ సంతకం ఉంది. ఆ ఏడే హెర్బర్ట్ వాన్ థేడెన్ అనే ఇంజనీరును వివాహమాడింది. 1929లో ఒక దశలో ఎత్తులోను, వేగంలోను, ఎడతెగకుండా గాలిలో నిలవడంలోను మహిళల రికార్డులు మూడూ ఆమెవే. వేగంలో ఆమె రికార్డు గంటకు 156 మైళ్ళు.

1929 ఆగస్టులో స్త్రీల కోసం దేశాన్ని అడ్డంగా దాటే పందెం మొదటిసారిగా ఏర్పాటయింది. కాలిఫోర్నియాలోని శాంటా మోనికా నుండి ఒహాయోలోని క్లీవ్‌లాండ్ దాకా 2,700 మైళ్ళకు పైబడిన దారి. తొమ్మిది రోజుల ప్రయాణం. రాకీ పర్వతాలను స్త్రీలు దాటలేరని, దారి తగ్గించాలని, ప్రతి విమానంలోను ఒక మగ మెకానిక్ ఉండాలని కొందరు పెద్దలు సలహా చెప్పారు. పోటీదారులు అంగీకరించలేదు. చివరకు ఇరవై మంది ఒంటరిగానే బయలుదేరారు.

లూయీజ్ విమానం ట్రావెల్ ఎయిర్ కర్మాగారంలో కొత్తగా తయారయింది. వేగం కోసం ఇంజను చుట్టూ ప్రత్యేకమైన రేకు కవచం అమర్చారు. పందెం ఆరంభస్థలానికి దానిని తీసుకొని వెళ్తుండగా ఆమెకు కళ్ళు తిరిగాయి. ఎలాగో దిగగలిగింది గాని, ఇంకొంతసేపు గాలిలో ఉంటే స్పృహ తప్పేదే. ఇంజను వదిలే కార్బన్ మోనాక్సైడ్ వాయువు ఆమె కూర్చున్న చోటికి చేరుతోందని తేలింది. ఆ వాయువుకు రంగు లేదు, వాసన లేదు. మరమ్మతుకు వ్యవధి లేదు. ముందు నుండి నాలుగంగుళాల గొట్టం ఒకటి ఆమె ముఖం దాకా అమర్చారు. ఆ గొట్టం దగ్గర ముఖముంచి బయటి గాలి పీల్చుకొంటూనే ఆమె పందెం యావత్తు నడిపింది.

రెండవరోజున మార్వెల్ క్రాసన్ అనే పోటీదారు విమానం అరిజోనా ఎడారిలో కూలి ఆమె మరణించింది. అదే విషవాయువు కారణమై ఉండవచ్చునని తరువాత పలువురు భావించారు. వెంటనే పందెం ఆపివేయాలని, స్త్రీలకు విమానాలు తగవని కేకలు లేచాయి. మరణించిన స్నేహితురాలి పేరు చెప్పి తమను నేలకు దింపడానికి మిగిలినవారు ఒప్పుకోలేదు. అప్పటి దుఃఖంలో అది తేలికైన నిర్ణయం కాదు. ఆగస్టు 26న క్లీవ్‌లాండ్‌లో పెద్ద విమానాల తరగతిలో లూయీజ్ ప్రథమురాలుగా దిగింది. గ్లాడిస్ ఓడానెల్‌కు ద్వితీయ స్థానం, అమీలియాకు తృతీయ స్థానం లభించాయి. ఆ సంవత్సరం నవంబరులోనే మహిళా పైలట్లు కలసి నైంటీ నైన్స్ అనే సంఘాన్ని స్థాపించుకొన్నారు. లూయీజ్ దాని ఆద్యులలో ఒకతె.

1932లో ఆమె ఫ్రాన్సెస్ మార్సాలిస్‌తో కలసి, గాలిలోనే ఇంధనం అందుకొంటూ 196 గంటలు నేల దిగకుండా ఎగిరింది. అప్పటికి ఆమె ఒక పసివాడికి తల్లి. రెండేళ్ళ తరువాత ఆ ఫ్రాన్సెస్ ఒక పందెంలో విమానం కూలి మరణించింది.

అంతకు ముందే, 1933 సెప్టెంబరులో చికాగోలో ఫ్లారెన్స్ క్లింగెన్‌స్మిత్ విమానపు రెక్క మీది గుడ్డ చిరిగి, అది నేలకూలింది, ఆమె మరణించింది. తప్పు రెక్కది. శిక్ష స్త్రీలకు పడింది. 1934 జాతీయ పందేలలో వారికి ప్రవేశం నిషేధించారు. మగవారు కూలినప్పుడు విమానాన్ని పరీక్షించేవారు. స్త్రీ కూలితే స్త్రీజాతినే పరీక్షకు నిలబెట్టేవారు. ఆ ఏడు పందేల ప్రారంభోత్సవానికి నటి మేరీ పిక్‌ఫోర్డ్‌ను విమానంలో తీసుకొని రావడానికి అమీలియా నిరాకరించి తన నిరసన తెలియజేసింది. 1935లో బెండిక్స్ పందెం తలుపులు స్త్రీలకు తెరుచుకొన్నాయి.

1936 సెప్టెంబరు 4న బెండిక్స్ పందెం న్యూయార్కు నుండి లాస్ ఏంజెలిస్‌కు జరిగింది. వాల్టర్ బీచ్ తన కొత్త సంస్థ నిర్మించిన బీచ్‌క్రాఫ్ట్ సీ 17 ఆర్ విమానాన్ని లూయీజ్‌కు ఇచ్చాడు. అది రెండంతస్తుల రెక్కల విమానమే గాని, సాధారణ రీతికి భిన్నంగా కింది రెక్క పై రెక్కకంటె ముందుకు ఉంటుంది. చక్రాలు లోనికి ముడుచుకొంటాయి. నిజానికి అది వ్యాపారస్థుల ప్రయాణానికి ఉద్దేశించిన బండి. కేవలం పందెం కోసం పుట్టిన గుర్రం కాదు. సహచరిగా బ్లాంచ్ నోయెస్ వచ్చింది. ఆమె భర్త అంతకు ముందు డిసెంబరులోనే విమాన ప్రమాదంలో మరణించాడు.

దారిలో ఇంధనం కోసం విచిటాలో దిగినప్పుడు, ఇంజను శక్తిని పూర్తిగా వాడటం లేదని బీచ్ ఆమెపై మండిపడ్డాడు. ఆమె తల ఊపి విమానమెక్కింది. ఇంజనును మాత్రం మునుపటి వలెనే, మూడింట రెండు వంతుల శక్తితో నడిపింది. ఆమె వివేకం ఎంతటిదో ఆనాటి ఇతరుల గతి చూస్తే తెలుస్తుంది. రాస్కో టర్నర్ విమానం పందెానికి రాకముందే కూలింది. జో జాకబ్‌సన్ విమానం కాన్సాస్ మీద పేలిపోగా అతడు పారాచూట్‌తో బయటపడ్డాడు. క్రిందటి ఏటి విజేత బెన్ హోవర్డ్ విమానం న్యూమెక్సికోలో కూలి, అతడు కాలు పోగొట్టుకొన్నాడు. మగవారిని పందేల నుండి నిషేధించాలని ఆనాడు ఎవరికీ తోచలేదు.

లాస్ ఏంజెలిస్‌లో సూర్యుడు కళ్ళలో పడుతుండగా లూయీజ్ గమ్యరేఖను పొరపాటున ఎదురు దిక్కు నుండి దాటింది. తామే ఆఖరివారమనుకొని, ఎవరి కంటా పడకుండా విమానాన్ని ఒక మూలకు చేర్చబోతుంటే జనం పరుగెత్తుకొని వచ్చారు. పట్టిన కాలం 14 గంటల 55 నిమిషాలు, ప్రథమ స్థానం. ద్వితీయ స్థానం లారా ఇంగల్స్‌ది, ఆమె కూడా స్త్రీయే. అమీలియా అయిదవది. మొదటి బహుమతి 4,500 డాలర్లు. ఇవి కాక, చేరుకొన్న స్త్రీలలో మొదటివారికి ఓదార్పుగా ఇవ్వాలని ముందే విడిగా ఉంచిన 2,500 డాలర్లు కూడా ఆమెకే ఇవ్వవలసి వచ్చింది! ఆ ఏటి హార్మన్ ట్రోఫీ కూడా ఆమెనే వరించింది.

ఇంత కీర్తిలోను ఆమె మరొక పని చేసింది. దారి తప్పే పైలట్లకు తెలిసేటట్లు ఇళ్ళ కప్పుల మీద ఊరి పేర్లు పెద్ద అక్షరాలతో రాయించే ప్రభుత్వ పథకంలో దేశమంతా తిరిగింది. భర్తను పోగొట్టుకొన్న బ్లాంచ్‌కు కూడా అదే పథకంలో ఉద్యోగం దొరికింది. 1938లో లూయీజ్ పందేలు విరమించి, తన అనుభవాలను గ్రంథంగా ప్రచురించింది. 1979 నవంబరు 9న ఉత్తర కరోలినాలో మరణించింది. బెంటన్‌విల్ విమానాశ్రయానికి ఆమె పేరు పెట్టారు. కింది రెక్క ముందుకు చాచిన ఆ బీచ్‌క్రాఫ్ట్ జాతి విమానాలను భద్రపరచుకొన్నవారు ఇప్పటికీ వాటిని ఎగురవేస్తున్నారు.