ఎల్లమ్మ చిందేస్తే ఊరంతా రంగస్థలమే

ఆడవాళ్ళు నాటకాలాడడమేమిటని పట్నాల్లో ముక్కున వేలేసుకునే రోజులవి. స్థానం నరసింహారావు గారు చీర కట్టి సత్యభామగా వస్తే జనం జేజేలు కొట్టేవారు. కూచిపూడిలో భామ వేషం కూడా మగవాళ్ళదే. సురభి వంటి ఒకటి రెండు సమాజాలు తప్పిస్తే ఆడదానికి రంగస్థలం మీద చోటే లేదు. సరిగ్గా ఆ కాలంలోనే మన ఉత్తర తెలంగాణ పల్లెల్లో ఆడవాళ్ళు కాళ్ళకు గజ్జె కట్టి, తలకు కిరీటం పెట్టి, తెల్లవార్లూ ఊరందరి ముందు ఆడి పాడేవారు. ఆడవేషమే కాదు, అవసరమైతే మగవేషమూ వాళ్ళే కట్టేవారు. వాళ్ళే చిందు భాగవతులు. వాళ్ళలో మహారాణిలా వెలిగిన మనిషి చిందుల ఎల్లమ్మ.

కొండగట్టు చుట్టుపక్కల ఊళ్ళలో పెద్దవాళ్ళను కదిలిస్తే చాలు, చిందోళ్ళ ఆట ముచ్చట్లు కథలు కథలుగా చెబుతారు. పంటలు ఇంటికి చేరాక, వేషాల పెట్టెలతో, పిల్లాజెల్లాతో మేళం ఊళ్ళో దిగేది. కరీంనగర్, నిజామాబాదు, ఆదిలాబాదు పల్లెల్లో ఏ మేళానికి ఏ ఊళ్ళో ఆడే హక్కు ఉందో తరతరాలుగా ఒక లెక్క ఉండేది. దాన్ని మిరాశీ అనేవారు. చిందువాళ్ళు మాదిగల ఆశ్రిత కులం. మాదిగల పుట్టుక చెప్పే జాంబపురాణం ఆడడం, ఎల్లమ్మ కొలుపుల్లో ఎల్లమ్మ వేషం కట్టడం వాళ్ళ వంతు. అందుకు బదులుగా వచ్చే గింజలూ, కట్నాలే వాళ్ళ బతుకుదెరువు.

అలాంటి ఇంట్లో, బాసర వైపున, పోయిన శతాబ్దం తొలి రోజుల్లో ఎల్లమ్మ పుట్టింది. నాలుగో ఏట బాలకృష్ణుడి వేషంతో మొదటిసారి జనం ముందుకొచ్చింది. మన పిల్లలు నాలుగేళ్ళకు పలక పడితే, చిందు పిల్లలు తాళం పడతారు. వాళ్ళకు మేళమే బడి. పాఠం పుస్తకంలో ఉండదు. పెద్దవాళ్ళు పాడుతుంటే విని పట్టుకోవాలి. మద్దెల దెబ్బకు అడుగు కలపాలి. ముఖానికి అర్దళం పూసుకోవడం, తేలికైన కొయ్యతో చేసిన భుజకీర్తులూ, కిరీటాలూ కట్టుకోవడం, చెంచులక్ష్మి, సారంగధర వంటి ఆటలు ఆసాంతం నోటికి రావడం... ఇదంతా చూసి నేర్చుకోవలసిన చదువే.

అన్నిటికన్నా కష్టమైన పాఠం ఇంకొకటుంది. ఎదురుగా కూర్చున్న జనానికి అప్పటికప్పుడు బదులు చెప్పడం!

చిందు ఆటలో బుడ్డర్‌ఖాన్ అని ఒక వేషం వస్తుంది. కథకూ అతనికీ పెద్దగా సంబంధం ఉండదు. రాజసభలోకి పిలవకుండానే దూరతాడు. ఒక మాట రాణితో అంటే, రెండో మాట ముందు వరుసలో కూర్చున్న పటేలుతో అంటాడు. మూడోది కునికిపాట్లు పడుతున్న ముసలమ్మతో. ఆ ముసలమ్మ ఊరుకుంటుందా? తిరిగి ఒకటి అంటుంది. జనం గొల్లుమంటారు. ఆ నవ్వులోంచే అతను ఇంకో మాట అల్లుతాడు. అవేవీ రాసిపెట్టిన మాటలు కావు. నిన్న ఒక ఊళ్ళో పేలిన హాస్యం ఇవాళ ఇంకో ఊళ్ళో పనికిరాదు. అక్కడి మనుషులు, అక్కడి గొడవలు వేరు కదా!

ఇదేదో కాలక్షేపం కోసమే అనుకుంటే పొరపాటు. రాత్రి రెండు జాముల వేళ నిద్ర ముంచుకొచ్చే జనాన్ని లేపి కూర్చోబెట్టాలి. తెర వెనక వేషం మార్చుకునే వాళ్ళకు వ్యవధి ఇవ్వాలి. చదివింపులు రాబట్టాలి. ఎవరైనా రూపాయి ఇస్తే కథ అక్కడికక్కడ ఆగుతుంది, ఇచ్చినవారి పేరు పాటలోకి ఎక్కుతుంది, మళ్ళీ కథ నడుస్తుంది. ఈ సందట్లో రాణి వేషంలో ఉన్న ఆడమనిషి తడబడకూడదు. బుడ్డర్‌ఖాన్ మాటకు మాట అందించాలి. ఏ తాగుబోతో ఏదో కూస్తే, ఆటను చెడగొట్టకుండా అతని నోరు మూయించాలి. ఆ వెంటనే కంటనీరు పెట్టించే పాట ఎత్తుకోవాలి. ఎల్లమ్మ ఆరితేరిన విద్య ఇది.

ఐరోపాలో ఇలాంటిదే ఒకటుంది. ఇటలీలో 16వ శతాబ్దంలో కమెడియా డెల్ ఆర్తే అనే ఆట పుట్టింది. కథ ఒక చీటీ అంత. మాటలన్నీ అక్కడికక్కడ పుట్టినవే. ఆ మేళాల్లోనే ఆడవాళ్ళు కూడా నటులుగా పేరు తెచ్చుకున్నారు. దాని మీద ఎన్నో గ్రంథాలు వచ్చాయి. మన చిందు మేళాల ఆడవాళ్ళ సంగతి మనకే చాలాకాలం పట్టలేదు.

ఇంతవరకు వెలుగు. ఇక చీకటి సంగతి.

ఎల్లమ్మను చిన్ననాడే జోగినిగా విడిచారు. దేవుడి పేరు చెప్పి ఆడపిల్లను ఊరి పాలు చేసే ఆచారం అది. మనకిష్టమైన వాడితో పెళ్ళి, ఒక ఇల్లు, ఒక పేరు... మనం మామూలుగా తీసుకునే ఈ వరసేదీ జోగినికి ఉండదు. దాన్ని నిషేధిస్తూ ఆంధ్రప్రదేశ్‌లో చట్టం వచ్చింది 1988లో. అప్పటికి ఎల్లమ్మ ముసలిదైపోయింది.

ఒక్కసారి ఆలోచించండి. ఎల్లమ్మ కొలుపు రోజున చిందు ఆడమనిషి ముఖాన పసుపు, కుంకుమలతో దేవత వేషం కట్టి వాడలోకి వస్తుంది. ఆ వేళ ఆమె వేషధారి కాదు, సాక్షాత్తూ అమ్మవారే. బిందెలతో నీళ్ళు తెచ్చి కాళ్ళ మీద పోస్తారు, పిల్లలను ఆమె కాళ్ళ ముందు పడుకోబెడతారు. తెల్లారి వేషం తీసేశాక అదే మనిషి గింజల కోసం వాకిలి బయట నిలబడాలి. గడప దాటకూడదు. రాత్రి ఆమె మాటకు కడుపుబ్బ నవ్విన వాళ్ళే పొద్దున దూరం నిలబడమనేవారు. రాత్రంతా రంగస్థలం మీద దొరకు ఎదురు మాట చెప్పగలిగిన ఆడది, పగలు తన బతుకు గురించి ఒక్క మాట చెప్పలేని పరిస్థితి. ఈ రెంటి మధ్యే ఎల్లమ్మ జీవితం గడిచిపోయింది.

అయినా ఆమె గజ్జె విప్పలేదు. అదే గొప్ప సంగతి. జోగిని అని లోకం ఒక పేరు పెడితే, చిందుల ఎల్లమ్మ అని తన ఆటతో ఇంకో పేరు సంపాదించుకుంది. తర్వాత సినిమా వచ్చింది, ఊరూరా టీవీలు వచ్చాయి, మిరాశీలు సడలిపోయాయి. మేళాలు చెదిరి ఎందరో కూలిపనులకు పోయారు. ఎల్లమ్మ మాత్రం నిజామాబాదు జిల్లా బోధన్ దగ్గరి అమ్దాపూర్‌ను ఇల్లుగా చేసుకుని ఆటను పట్టుకునే ఉంది. నటరాజ రామకృష్ణ గారి వంటి పెద్దలు చిందు గొప్పతనాన్ని లోకానికి చెప్పాక పట్నం కూడా ఆమె వైపు తిరిగి చూసింది. 1999లో అప్పటి రాష్ట్ర ప్రభుత్వం హంస పురస్కారంతో గౌరవించింది. 2005 నవంబరులో ఎల్లమ్మ కన్నుమూసింది.

పట్నంలో ఆట పెట్టించడం మంచిదే. అయితే అక్కడ దీపాలార్పి, జనాన్ని చీకట్లో కూర్చోబెట్టి, అరగంటలో ముగించమంటారు. బుడ్డర్‌ఖాన్ ఎవరితో మాట్లాడాలి? ఎవరి పేరు పాటలో కలపాలి? చిందుకు ఎదురుగా ఉన్న మనిషి మొహం కనిపించాలి. ఆ మనిషి తిరిగి ఒక మాట అనాలి. లేకపోతే సగం ఆట పోయినట్టే.

మనం కళాకారిణి అనగానే సభల్లో శాలువా కప్పించుకున్న వాళ్ళనే తలుచుకుంటాం. బడి లేక, ఇల్లు నిలవక, కులం చేతా ఆచారం చేతా రెండువిధాలా నలిగి కూడా, వేలమందిని తన వేలికొసన ఆడించిన ఆడమనిషి మన గోదావరి ఒడ్డునే ఉండేది. ఆమె వారసులు ఇంకా అక్కడక్కడా ఆడుతూనే ఉన్నారు. ఈసారి మీ ఊళ్ళోకి చిందు మేళం వస్తే పిల్లల్ని వెంటబెట్టుకుని వెళ్ళండి. ముందు వరుసలో కూర్చోండి. బుడ్డర్‌ఖాన్ మిమ్మల్ని ఏదైనా అంటే సిగ్గుపడకుండా బదులు చెప్పండి. తెల్లారి వాళ్ళు మీ వాకిట్లోకి వస్తే లోపలికి పిలిచి కూర్చోబెట్టండి. ఎల్లమ్మ బతికున్నన్నాళ్ళూ ఊరు ఆమెకు బాకీ పడ్డది ఆ రెండోదే.