గిడుగు వారికి తగ్గింది వినికిడే... మతి కాదు!

ఏటా ఆగస్టు 29న తెలుగు భాషా దినోత్సవం పేరిట గిడుగు వెంకట రామమూర్తి గారి ఫొటోకి దండ వేస్తాం. వాడుక భాష కోసం పోరాడిన మనిషని పిల్లలకు చెబుతాం. ఆయన చెముడుతోనే ఎన్నో ఏళ్లు గడిపారన్న సంగతి చాలామందికి తెలియదు. మా నాన్నకి మతిమరుపు మొదలైందండీ అంటూ ఓపీకి వచ్చేవాళ్లకు నేను తరచూ ఆయన గురించే చెబుతాను.

గిడుగు వారు 1863లో శ్రీముఖలింగం దగ్గర పర్వతాలపేటలో పుట్టారు. పన్నెండేళ్లు వచ్చేసరికి తండ్రి విషజ్వరంతో పోయారు. విజయనగరం మహారాజా వారి స్కూల్లో గురజాడ అప్పారావు గారితో కలిసి చదువుకున్నారు. 1880లో 30 రూపాయల జీతం మీద పర్లాకిమిడి రాజావారి స్కూల్లో మాస్టారుగా చేరారు. ఆ చుట్టుపక్కల కొండల్లో ఉండే సవరలకు వాళ్ల భాషలోనే చదువు చెప్పాలన్నది ఆయన కోరిక. సవర, తెలుగు రెండూ వచ్చిన మనిషిని ఇంట్లో పెట్టుకుని మరీ ఆ భాష నేర్చుకున్నారు. కొండలెక్కి తిరిగారు. అక్కడి దోమలు ఊరుకుంటాయా? మలేరియా పట్టుకుంది. అప్పట్లో దానికి గట్టి మందు క్వినైనే. మన తాతలు క్వైనా అనేవారు. ప్రాణం నిలిచింది కానీ, వినికిడి దెబ్బతింది.

క్వినైన్ డోసు ఎక్కువైతే లోపలి చెవిలో శబ్దాన్ని పట్టే సున్నితమైన కణాలు దెబ్బతింటాయి. ముందు చెవుల్లో హోరు మొదలవుతుంది, తర్వాత వినికిడి తగ్గుతుంది. చాలామందికి మందు ఆపితే సర్దుకుంటుంది, కొందరికి సర్దుకోదు. క్వినైన్ వాడకం ఇప్పుడు బాగా తగ్గింది. అయితే జెంటామైసిన్, అమికాసిన్ లాంటి ఇంజెక్షన్లు కూడా చెవికి చేటు చేయగలవు. కాబట్టి వాటిని వాడుతున్నప్పుడు చెవుల్లో హోరు వినిపిస్తే వెంటనే డాక్టరుకు చెప్పాలి.

వినికిడి తగ్గిన పెద్దాయన ఇంట్లో ఎలా కనిపిస్తాడో చూడండి. కోడలు వంటగదిలోంచి ఏదో చెబుతుంది. సగమే వినబడుతుంది. మళ్లీ అడిగితే విసుక్కుంటారని తలూపి ఊరుకుంటాడు. సాయంత్రం ఆ పని జరగదు. పొద్దున్నే చెప్పాను కదా, మర్చిపోయారా అంటారు. నాలుగుసార్లు ఇలా జరిగితే ముసలాయనకి మతి పోయిందని ఇంటిల్లిపాదీ తీర్మానించేస్తారు. నేనూ ఒకసారి పొరపడ్డాను. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక పెద్దాయనను జ్ఞాపకశక్తి ప్రశ్నలన్నీ అడిగి, మార్కులు తక్కువ వేసి, డిమెన్షియా అనుమానమని రాసేశాను. ఆయన చెవుల నిండా గులిమి ఉందని ఈఎన్‌టీ డాక్టరు చూసి చెప్పేదాకా నాకు తట్టలేదు. గులిమి తీశాక అవే ప్రశ్నలకు చక్కగా జవాబులిచ్చారు. సిగ్గుపడ్డాను.

కాబట్టి ముందు ఇంట్లోనే ఒక పని చేయండి. టీవీ ఆపి, ఎదురుగా కూర్చుని, మొహం కనిపించేలా నెమ్మదిగా ఒక విషయం చెప్పండి. లేదా కాగితం మీద రాసి చూపించండి. వినబడిందో లేదో తిరిగి చెప్పించుకోండి. ఓ అరగంట పోయాక అడగండి. గుర్తుంటే చిక్కు చాలావరకు చెవిదే. ఆ మాట చెప్పారన్న సంగతే తెలియకపోతే డాక్టరుకు చూపించాలి. కళ్లజోడు ఎక్కడ పెట్టారో వెతుక్కోవడం, పేరు కాసేపటికి గుర్తుకురావడం వయసుతో వచ్చేవే. పెన్షన్ డబ్బు లెక్క తేలకపోవడం, రోజూ వెళ్లే గుడి దారి తప్పడం, అడిగిందే పదేపదే అడగడం మాత్రం వేరు. బి12 లోపం, థైరాయిడ్, మానసిక కుంగుబాటు, కొన్ని నిద్ర మాత్రలు కూడా మతిమరుపు తెస్తాయి. వాటిలో చాలావాటికి వైద్యం ఉంది.

చెవుడూ డిమెన్షియా రెండూ ఒకే మనిషికి ఉండొచ్చు కూడా. డిమెన్షియా ముప్పును పెంచేవాటిలో మనం సరిచేసుకోగలిగినవి 14 ఉన్నాయని లాన్సెట్ కమిషన్ 2024లో చెప్పింది. నడివయసు నుంచి వచ్చే వినికిడి లోపం వాటిలో పెద్దవాటిలో ఒకటి. వినబడనివాళ్లు నలుగురిలోకి రావడం మానేస్తారు, మెదడుకు మాటల మేత తగ్గుతుంది. వినికిడి యంత్రం పెట్టుకుంటే డిమెన్షియా రాదని హామీ ఇవ్వలేను. కానీ మనిషి మళ్లీ మాటల్లో పడతాడు. కొని బీరువాలో దాచేవాళ్లను చూస్తే మాత్రం కోపం వస్తుంది.

గిడుగు వారు నలుగురికీ దూరం కాలేదు. 1919లో తెలుగు అనే పత్రిక నడిపారు, పండితులతో ఏళ్ల తరబడి వాదించారు. సవర వ్యాకరణం 1931లో అచ్చయింది. 1936లో పర్లాకిమిడి ఒడిశాలో కలిసినప్పుడు, 72 ఏళ్ల వయసులో, దశాబ్దాలు బతికిన ఊరు వదిలి రాజమండ్రి వచ్చేశారు. ఊరు మారినప్పుడే దాగివున్న డిమెన్షియా చాలామందిలో బయటపడుతుంది, ఎందుకంటే పాత అలవాట్ల ఊతం పోతుంది. ఆయన సవర-ఇంగ్లీషు నిఘంటువు 1938లో వెలువడింది. నిఘంటువంటే వేల మాటలు, ఒక్కోదానికి అర్థం, ఉచ్చారణ, ఏ మాట ఎక్కడుందో గుర్తు. మతి చెదిరినవాళ్లకు అయ్యే పని కాదది.

1940 జనవరి 15న మద్రాసులో ప్రజామిత్ర కార్యాలయంలో పత్రికల వాళ్లకు వాడుక భాష గురించి చివరి విన్నపం చేశారు. అదే నెల 22న, 76 ఏళ్ల వయసులో కన్నుమూశారు.