గార్ వుడ్

గార్ వుడ్‌గా ప్రసిద్ధుడైన గార్‌ఫీల్డ్ ఆర్థర్ వుడ్ (డిసెంబరు 4, 1880 - జూన్ 19, 1971) అమెరికాకు చెందిన ఆవిష్కర్త, పారిశ్రామికవేత్త, మోటారు పడవ పందేల వీరుడు. నీటిపై గంటకు 100 మైళ్ళ వేగాన్ని దాటిన తొలి వ్యక్తి ఇతడే.

బాల్యము, ఆవిష్కరణ

వుడ్ అయోవా రాష్ట్రంలోని మేపుల్టన్‌లో జన్మించాడు. తండ్రి మిన్నెసోటాలోని ఒసాకిస్ సరస్సుపై రేవు పడవ నడిపేవాడు. 1911లో ట్రక్కు తొట్టిని ద్రవపీడనంతో పైకెత్తే యంత్రాన్ని వుడ్ కనిపెట్టాడు. నేడు మన ఊళ్ళలో ఇసుక, కంకర కుమ్మరించే టిప్పర్లు పనిచేసేది ఈ సూత్రంపైనే. పడవలకు కావలసిన ధనం దీనివల్లనే సమకూరింది.

పడవలు

1916లో ఇతడు మిస్ డెట్రాయిట్ అనే పందెపు పడవను కొన్నాడు. దానిని నిర్మించిన అల్గోనాక్ పడవల మేస్త్రీ క్రిస్ స్మిత్‌తో కలిసి పనిచేశాడు. స్మిత్ 1922లో విడిపోయి స్థాపించిన సంస్థే తరువాత క్రిస్-క్రాఫ్ట్‌గా పేరుపొందింది. పిమ్మట వుడ్ పడవలను నెపోలియన్ లిసీ తీర్చిదిద్దాడు.

బకింగ్‌హాం కాలువలో తెరచాపతోనో, గడకర్రతోనో, గట్టుమీది తాడుతోనో సాగిన పడవలు నీటిని చీల్చుకుంటూ పోయేవి. వుడ్ పడవల తీరు వేరు. వాటి అడుగుభాగంలో ఒక మెట్టు ఉండేది. వేగం పెరిగినకొద్దీ పడవ పైకి లేచి, చెరువులో విసిరిన పెంకువలె నీటి ఉపరితలాన్ని మాత్రమే తాకుతూ పోయేది. మొదటి ప్రపంచ యుద్ధానంతరం మిగిలిపోయిన లిబర్టీ విమాన ఇంజన్లను వుడ్ పెద్ద సంఖ్యలో కొని పడవలకు అనువుగా మార్పించాడు.

పందేలు

1917 నుండి 1921 వరకు వరుసగా అయిదు గోల్డ్ కప్పులు గెలిచాడు. 1920లో ఇంగ్లండు వెళ్ళి హార్మ్స్‌వర్త్ ట్రోఫీని సాధించాడు. 1921లో మయామి నుండి న్యూయార్క్ వరకు సుమారు 1,250 మైళ్ళ దూరాన్ని 47 గంటల 23 నిమిషాలలో పడవపై దాటి, ఎక్స్‌ప్రెస్ రైలుకన్నా ముందు చేరాడు.

ఈ క్రీడలో ప్రాణభయము తక్కువేమీ కాదు. 1930లో ఆంగ్లేయుడు హెన్రీ సీగ్రేవ్ మిస్ ఇంగ్లండ్ 2 పడవ ప్రమాదంలో మరణించాడు. అదే పడవను బాగుచేయించి కే డాన్ 1931లో డెట్రాయిట్ నదికి తెచ్చి మొదటి పోటీలో వుడ్‌ను ఓడించాడు. రెండవ పోటీలో వుడ్ సమయానికి ముందే గీత దాటగా, డాన్ కూడా వెంబడించాడు. ఇద్దరూ అనర్హులయ్యారు. డాన్ పడవ బోల్తాపడినా అతడు బ్రతికాడు. వెనుక నెమ్మదిగా వచ్చిన వుడ్ సోదరుడు జార్జికి విజయం దక్కింది. ఇది కావాలని పన్నిన ఎత్తు అని బ్రిటిషువారు ఆగ్రహించారు. నియమాల ప్రకారం ట్రోఫీ అమెరికాలోనే నిలిచింది గాని, వుడ్ కీర్తికి ఈ మచ్చ పూర్తిగా తొలగలేదు.

1932లో నాలుగు ప్యాకార్డ్ ఇంజన్లు గల 38 అడుగుల మిస్ అమెరికా 10 పడవపై గంటకు 124.86 మైళ్ళ (సుమారు 201 కి.మీ.) వేగంతో ప్రపంచ రికార్డు నెలకొల్పాడు. మరుసటి ఏడాది పందేలనుండి విరమించాడు. ఆ రికార్డును 1937లో మాల్కం కాంప్‌బెల్ అధిగమించాడు.

విహార పడవలు

సామాన్య కొనుగోలుదారులకై వుడ్ సంస్థ మిషిగన్‌లోని మేరీస్‌విల్‌లో మహాగని కలపతో విహార పడవలను తయారుచేసింది. పొడవైన ముందుభాగము, మెరిసే వార్నిషు, లోపల కనబడకుండా అమర్చిన ఇంజను వీటి ప్రత్యేకతలు. 1947లో ఈ తయారీ ఆగిపోయింది. ఆ తరువాత ఫైబర్‌గ్లాస్ పడవలు వ్యాపించినా, వుడ్ పడవలను అభిమానులు పలకలు మార్చి, వార్నిషు పూసి నేటికీ సరస్సులపై నడుపుతున్నారు.