కర్ణధారుడు: నార్బర్ట్ వీనర్ జీవితము

మనుష్యుడును యంత్రమును కలిసి పనిచేయునపుడు పెత్తనమెవరికి ఉండవలెను? ఈ ప్రశ్నను లోకము ముందుంచిన గణితశాస్త్రజ్ఞులలో నార్బర్ట్ వీనర్ ముఖ్యుడు.

ఈయన 1894 నవంబరు 26వ తేదీన అమెరికాలోని మిస్సోరీ రాష్ట్రమున, కొలంబియా పట్టణమందు జన్మించెను. తండ్రి లియో వీనర్ రష్యా సామ్రాజ్యమునుండి వలసవచ్చిన బహుభాషావేత్త. హార్వర్డు విశ్వవిద్యాలయమున స్లావు భాషల ఆచార్యుడు. ఆయన కుమారునకు ఇంటివద్దనే కఠినశిక్షణ నొసగెను. బాలుడు 11వ యేట కళాశాలలో చేరి, 14వ యేట పట్టభద్రుడై, 18వ యేట హార్వర్డునందు డాక్టరు పట్టమును పొందెను. 1919 నుండి మసాచుసెట్సు సాంకేతిక విద్యాసంస్థలో గణితమును బోధించెను.

రెండవ ప్రపంచయుద్ధకాలమున, ఎగురుచున్న శత్రువిమానము కొన్ని క్షణముల తరువాత ఎచట నుండునో ముందుగా లెక్కించు యంత్రముకొరకు జూలియన్ బిగెలోతో కలిసి కృషిచేసెను. ఆ యంత్రము యుద్ధమున వినియోగింపబడలేదు. కాని ఆ పరిశోధనవలన ఒక గొప్ప సత్యము గోచరించెను. పడవ ప్రక్కకు తొలగుట చూచి కర్ణధారుడు చుక్కానిని త్రిప్పును. మరల చూచి మరల సవరించును. ఫలితమును చూచి పనిని దిద్దుకొను ఈ పద్ధతి ప్రాణులయందును యంత్రములయందును ఒక్కటియే. 1948లో ప్రకటించిన గ్రంథమున ఈ శాస్త్రమునకు, కర్ణధారుడను అర్థముగల గ్రీకు పదమునుండి, సైబర్నెటిక్సు అని పేరిడెను.

తన విద్యను క్షిపణి నిర్మాణమునకు ఈయనని 1947లో బహిరంగముగా ప్రకటించెను. స్వయంచాలక యంత్రములవలన శ్రామికులకు జీవనోపాధి పోవునని 1949లో మోటారు కార్మికసంఘ నాయకుడగు వాల్టర్ రూథరునకు లేఖ వ్రాసి హెచ్చరించెను. 1955-56లో మన కలకత్తా నగరమునకు వచ్చి, భారత గణాంకశాస్త్ర సంస్థయందు కొంతకాలము బోధించెను.

యంత్రము మనము వారించులోపలనే పని ముగించునంత వేగము గలదైనచో, దానికప్పగించు లక్ష్యమును ముందుగనే చక్కగా విచారింపవలెనని 1960లో వ్రాసెను. మన కుంభకర్ణుని కథ తలచుకొనుడు. ఇంద్రాసనము కోరబోయి, నాలుక తడబడి నిద్రాసనము కోరెను. పలికిన మాటయే ఫలించెను గాని తలచిన కోరిక ఫలింపలేదు. యంత్రమును అట్లే మన మాటను నెరవేర్చును. మన మనస్సును ఎరుగదు.

1964 జనవరిలో అమెరికా జాతీయ విజ్ఞానపతకము నందుకొని, మార్చి 18వ తేదీన స్టాక్‌హోమ్ నగరమున పరమపదించెను.

విద్యార్థులారా! నేడు యంత్రములు వాహనములు నడుపుచున్నవి, వ్యాసములు వ్రాయుచున్నవి. వానితో పనిని పంచుకొనుట తప్పుకాదు. కాని గమ్యమును నిర్ణయించుటయు, తప్పు జరిగినపుడు జవాబు చెప్పుటయు మనవే. చుక్కానిపైనుండి చేయి తీయకుడు.