గగనవిహారిణి అమీలియా ఇయర్‌హార్ట్

పటం మీద రెండు బిందువులను గీతతో కలిపి దూరం కొలవడం సులభం. ఆ దూరాన్ని వేగంతో భాగిస్తే ప్రయాణకాలం వస్తుంది. పాఠశాల విద్యార్థి సైతం చేయగల ఈ లెక్కకూ, ఆకాశయాత్రకూ గల అంతరం ఎంతటిదో అమీలియా ఇయర్‌హార్ట్ జీవితం తెలియజేస్తుంది.

ఈ ధీరవనిత 1897 జూలై 24న అమెరికాలోని కాన్సాస్ రాష్ట్రంలో, అచిసన్ పట్టణంలో జన్మించింది. మొదటి ప్రపంచయుద్ధ కాలంలో కెనడాలోని టొరాంటో నగరంలో గాయపడిన సైనికులకు సేవ చేసింది. 1920లో తొలిసారి విమానమెక్కి, కొద్ది నిమిషాలు విహరించినంతనే తన జీవితధ్యేయాన్ని నిర్ణయించుకున్నది. మరుసటి ఏడు నేటా స్నూక్ అనే మహిళ వద్ద విమానచోదనం అభ్యసించింది. 1928లో అట్లాంటిక్ మహాసముద్రాన్ని విమానంలో దాటిన తొలి మహిళగా ఆమెకు కీర్తి లభించింది. అయితే నాడు ఆమె కేవలం ప్రయాణికురాలు. విమానం నడిపినవారు వేరు. కనుక ఆ కీర్తి ఆమెకు తృప్తినివ్వలేదు. 1932 మే నెలలో న్యూఫౌండ్‌లాండ్ నుండి ఒంటరిగా బయలుదేరి, సుమారు 15 గంటలలో ఉత్తర ఐర్లండులో దిగి, తన కీర్తిని సార్థకం చేసుకున్నది.

1937లో భూమధ్యరేఖకు చేరువగా సాగే దీర్ఘమార్గంలో భూప్రదక్షిణకు పూనుకున్నది. రెండు ఇంజన్ల లాక్‌హీడ్ ఎలక్ట్రా విమానంలో దిశానిర్ణయానికి ఫ్రెడ్ నూనన్ తోడుగా వెళ్లాడు. కరాచీ, కలకత్తా నగరాలలోనూ దిగి, జూన్ చివర న్యూగినీలోని లే విమానాశ్రయం చేరారు. అప్పటికి సుమారు 22,000 మైళ్లు గడిచాయి. 7,000 మైళ్లు మిగిలాయి.

తదుపరి మజిలీ పసిఫిక్ నడుమనున్న హౌలాండ్ ద్వీపం. దాని పొడవు ఒకటిన్నర మైలు, వెడల్పు అర మైలు. ఆమె రాక కొరకే అక్కడ విమానాలు దిగే బాటను సిద్ధం చేశారు. లే నుండి దూరం 2,556 మైళ్లు. ప్రయాణకాలం 18 గంటలని అంచనా. లెక్కలో దోషం లేదు. కాని ఎదురుగాలి వేగాన్ని హరిస్తుంది. దిశలో ఒక్క డిగ్రీ పొరబడినా, అంత దూరం సాగేసరికి గమ్యం సుమారు 45 మైళ్లు తప్పిపోతుంది. నక్షత్రాలను చూచి స్థానం గుర్తించబోతే మబ్బులు అడ్డు రావచ్చు. అప్పుడిక మిగిలే ఆధారం రేడియో ఒక్కటే. మోర్స్ సంకేతాలలో ఇరువురికీ తగిన ప్రావీణ్యం లేదు.

జూలై 2 ఉదయం 10 గంటలకు బయలుదేరారు. త్రోవలో అంతర్జాతీయ దినరేఖ ఉన్నందున, రాత్రంతా ప్రయాణించినా హౌలాండులో తెల్లవారేది మరల జూలై 2 నాడే. అక్కడ వేచియున్న ఇటాస్కా నౌకలోని వారు ఆమె కంఠాన్ని స్పష్టంగా విన్నారు. వారి మాటలు మాత్రం ఆమెకు చేరలేదు. ద్వీపం కానరావడం లేదనీ, ఇంధనం తరుగుతున్నదనీ ఆమె తెలిపింది. బయలుదేరిన 20 గంటల 13 నిమిషాలకు వచ్చిన సందేశమే కడపటిది. పక్షం రోజులకు పైగా నౌకలు, విమానాలు గాలించినా ఫలితం లేకపోయింది. 1939 జనవరిలో న్యాయస్థానం ఆమె మరణించినట్లు ప్రకటించింది.

విద్యార్థి సోదరీ సోదరులారా! ఆ సాహసాన్ని గౌరవిద్దాం. అయితే గమ్యం ఎంత దూరమో తెలిసినంత మాత్రాన త్రోవ తెలిసినట్లు కాదనీ, ధైర్యానికి తగిన సాధన కూడా తోడు కావాలనీ మరువరాదు.